జెనెట్ రాంకిన్

జెనెట్ పికరింగ్ రాంకిన్ (జూన్ 11, 1880 - మే 18, 1973) అమెరికా సంయుక్త రాష్ట్రాల కాంగ్రెసుకు ఎన్నికైన మొట్టమొదటి మహిళ, స్త్రీల ఓటు హక్కు ఉద్యమ నాయకురాలు మరియు శాంతివాది. మోంటానా రాష్ట్రం నుండి 1916లో ఒకసారి, 1940లో మరొకసారి ప్రతినిధుల సభకు ఎన్నికైంది. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, రెండవ ప్రపంచ యుద్ధంలోనూ అమెరికా ప్రవేశాన్ని వ్యతిరేకిస్తూ ఓటు వేసిన ఏకైక కాంగ్రెసు సభ్యురాలు ఈమె. (అమెరికాలో కాంగ్రెసు అనగా సెనేటు, ప్రతినిధుల సభ కలిసిన జాతీయ శాసనసభ. దీనికి రాజకీయ పార్టీతో సంబంధం లేదు.) సేనలను విదేశాలకు పంపే ముందు ఎవరి అనుమతి తీసుకోవాలి, అందులో సామాన్య ప్రజల మాటకు ఎంత విలువ ఉండాలి అన్న ప్రశ్న చుట్టూ ఈమె రాజకీయ జీవితమంతా తిరిగిందని చెప్పవచ్చును.

బాల్యము, విద్యాభ్యాసము

రాంకిన్ మోంటానాలోని మిసోలా పట్టణ సమీపంలో గల గ్రాంట్ క్రీక్ పశువుల క్షేత్రంలో జన్మించింది. అప్పటికి మోంటానా ఇంకా రాష్ట్రం కాలేదు. 1889లో గాని దానికి రాష్ట్ర ప్రతిపత్తి రాలేదు. తండ్రి జాన్ రాంకిన్ కెనడా నుండి వలస వచ్చిన స్కాట్లాండు సంతతివాడు. పశుపోషణ, భవన నిర్మాణం, కలప వ్యాపారం చేసేవాడు. తల్లి ఆలివ్ పికరింగ్ న్యూ హాంప్‌షైర్ నుండి వచ్చి ఉపాధ్యాయినిగా పనిచేసినది. ఏడుగురు సంతానంలో జెనెట్ పెద్దది. సోదరుడు వెల్లింగ్టన్ రాంకిన్ తరువాత న్యాయవాదిగా, రిపబ్లికన్ పార్టీ నాయకుడిగా పేరు పొందాడు. అక్క ఎన్నికల ఖర్చు, ప్రచార నిర్వహణ చాలావరకు ఇతనే భరించాడు. చెల్లెలు ఎడ్నా కుటుంబ నియంత్రణ ప్రచారంలో పేరు తెచ్చుకుంది.

పశువుల క్షేత్రాల్లో ఆడవారు మగవారితో సమానంగా కష్టపడేవారు, ఓటు మాత్రం మగవారికే ఉండేది. ఈ తేడా చిన్ననాడే ఈమె మనసులో నాటుకుంది. 1902లో మోంటానా విశ్వవిద్యాలయం నుండి జీవశాస్త్రంలో పట్టా పొందింది. కొంతకాలం బడిలో పాఠాలు చెప్పింది గాని ఆ వృత్తిలో నిలవలేదు. 1904లో తండ్రి మరణించాడు. అదే సంవత్సరం బోస్టను నగరానికి వెళ్ళినపుడు అక్కడి మురికివాడలను చూసి చలించిపోయింది. శాన్ ఫ్రాన్సిస్కోలో పేదల సేవాకేంద్రంలో పనిచేసి, 1908-09లో న్యూయార్క్‌లో సమాజసేవకు సంబంధించిన శిక్షణ పొందింది. ఆపై స్పోకేన్ నగరంలో అనాథ బాలల సంరక్షణలో పనిచేసింది. ఒక్కొక్క బిడ్డకు ఆశ్రయం చూపినంత మాత్రాన ప్రయోజనం లేదని, చట్టాలు మారవలెనని, చట్టాలు మారాలంటే స్త్రీలకు ఓటు ఉండవలెనని అక్కడే నిశ్చయించుకుంది.

ఓటు హక్కు ఉద్యమము

1910లో వాషింగ్టన్ రాష్ట్రంలో స్త్రీల ఓటు హక్కుపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అప్పుడు సియాటిల్‌లో చదువుతున్న రాంకిన్ ఆ ప్రచారంలో చేరింది. నవంబరులో సవరణ గెలిచింది. మరుసటి సంవత్సరం, 1911 ఫిబ్రవరిలో, స్వరాష్ట్రమైన మోంటానా శాసనసభ ఎదుట ఓటు హక్కు కోరుతూ ప్రసంగించింది. ఆ సభను ఉద్దేశించి మాట్లాడిన మొదటి స్త్రీ ఈమెయే. బిల్లు ఆ సారి నెగ్గలేదు. తరువాత న్యూయార్క్, కాలిఫోర్నియా మొదలైన అనేక రాష్ట్రాలలో పనిచేసి, 1913లో జాతీయ అమెరికా మహిళా ఓటు హక్కు సంఘానికి క్షేత్ర కార్యదర్శి అయ్యింది.

ఇక్కడ అమెరికాలోని ఒక ప్రత్యేక పద్ధతిని తెలుసుకోవలసి ఉంది. భారత రాజ్యాంగంలో ఇటువంటి ఏర్పాటు లేదు గనుక మన విద్యార్థులకు ఇది కొత్తగా తోచవచ్చు. అమెరికాలోని కొన్ని రాష్ట్రాలలో, నిర్ణీత సంఖ్యలో ఓటర్లు ఒక వినతిపత్రంపై సంతకాలు చేస్తే, ఆ ప్రతిపాదన శాసనసభతో నిమిత్తం లేకుండా నేరుగా ప్రజల ఓటుకు వెళ్తుంది. 1898లో దక్షిణ డకోటా, 1902లో ఓరెగాన్ ఈ పద్ధతిని స్వీకరించాయి. మోంటానాలో 1906లో వచ్చింది. ఓరెగాన్‌లో, అరిజోనాలో 1912లో స్త్రీలకు ఓటు హక్కు ఈ సంతకాల మార్గంలోనే వచ్చింది. మోంటానాలో మాత్రం సంతకాలతో మామూలు చట్టాలను ప్రతిపాదించవచ్చునే గాని రాజ్యాంగ సవరణను ప్రతిపాదించే వీలు లేదు. (ఆ అవకాశం 1972 నాటి కొత్త రాష్ట్ర రాజ్యాంగంతో గాని రాలేదు.) కాబట్టి మోంటానా స్త్రీలు ముందు శాసనసభలో మూడింట రెండువంతుల మంది చేత ఒప్పించి, ఆ తరువాత రాష్ట్రంలోని పురుష ఓటర్లందరినీ ఒప్పించవలసి వచ్చింది. ఒకటికి రెండు గడపలు దాటవలసిన పని ఇది.

మొదటి గడప 1913లో దాటారు. రెండవదానికి రెండేళ్ళు సమయం ఉంది. విశాలమైన ఆ రాష్ట్రంలో రాంకిన్ రైలులో, మోటారు బండిలో, గుర్రపు బండిలో వేల మైళ్ళు తిరిగింది. గని కార్మికుల బస్తీలకు, పశువుల క్షేత్రాలకు, ఒంటరి గుడిసెలకు కూడా వెళ్ళి తలుపు తట్టింది. ఊరూరా స్థానిక స్త్రీలతో సంఘాలు ఏర్పరచి, ప్రతి ఓటరు ఇంటికీ ఎవరో ఒకరు వెళ్ళేటట్లు ఏర్పాటు చేసింది. పెద్ద సభలలో దంచే ఉపన్యాసం కంటె గడప దగ్గర నిలబడి మాట్లాడే నాలుగు మాటలు ఎక్కువ ఫలిస్తాయన్నది ఈమె నమ్మకం. సారా వ్యాపారులు, గని యజమానులు సవరణను వ్యతిరేకించారు. 1914 సెప్టెంబరులో హెలెనాలో రాష్ట్ర సంత సందర్భంగా పెద్ద ఊరేగింపు జరిపారు. నవంబరు 3న ఓటింగు జరిగింది. సుమారు 3,700 ఓట్ల ఆధిక్యంతో సవరణ గెలిచింది. అదే రోజు ఏడు రాష్ట్రాలలో ఈ ప్రశ్నపై ఓటింగు జరగగా మోంటానా, నెవాడాలలో మాత్రమే స్త్రీలు గెలిచారు. దీనినిబట్టి మోంటానా ప్రచారం ఎంత పకడ్బందీగా సాగిందో ఊహించవచ్చు.

1916 ఎన్నిక

ఓటు హక్కు వచ్చిన రెండేళ్ళకు రాంకిన్ రిపబ్లికన్ అభ్యర్థిగా ప్రతినిధుల సభకు పోటీ చేసింది. అప్పుడు మోంటానాలోని రెండు స్థానాలకూ రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గంగా ఉండేది. అత్యధిక ఓట్లు వచ్చిన ఇద్దరు ఎన్నికయ్యేవారు. ఇది ఈమెకు కలిసివచ్చింది. రాష్ట్రంలో ప్రతి మూలా తెలిసినవారున్న మనిషికి రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం కావడం కంటె ఏమి కావాలి? డెమోక్రటిక్ పార్టీకి చెందిన జాన్ ఎవాన్స్ ప్రథమ స్థానంలోను, రాంకిన్ ద్వితీయ స్థానంలోను నిలిచారు. మూడవ అభ్యర్థిపై ఈమె ఆధిక్యం సుమారు 6,000 ఓట్లు. అప్పటికి దేశంలోని చాలా రాష్ట్రాల స్త్రీలకు అసలు ఓటే లేదు.

1917 ఏప్రిల్ నాటి ఓటు

1917 ఏప్రిల్ 2న రాంకిన్ ప్రమాణ స్వీకారం చేసింది. తోటి సభ్యులు చప్పట్లతో స్వాగతించారు. అదే రాత్రి అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఉభయ సభల ఎదుట నిలబడి జర్మనీపై యుద్ధం ప్రకటించవలసిందిగా కోరాడు. సభలో అడుగుపెట్టిన మొదటి రోజే, ఒక్క చట్టంపైనా మాట్లాడక ముందే, జీవితంలోకెల్లా పెద్ద పరీక్ష ఎదురైంది.

నాలుగు రోజులపాటు అన్ని వైపుల నుండి ఒత్తిడి వచ్చింది. యుద్ధానికి వ్యతిరేకంగా ఓటు వేస్తే స్త్రీలు దేశరక్షణకు పనికిరారన్న అపవాదు వస్తుందని, దానితో జాతీయస్థాయిలో ఓటు హక్కు ఉద్యమం దెబ్బతింటుందని ఓటు హక్కు నాయకురాళ్ళలో పలువురు భయపడ్డారు. తమ్ముడు వెల్లింగ్టన్ కూడా అనుకూలంగా ఓటు వేయమనే చెప్పాడు. మరోవైపు శాంతివాద మహిళలు గట్టిగా నిలబడమని కోరారు. ఇరువైపుల వారూ ఈమెకు స్నేహితులే.

సెనేటు ఏప్రిల్ 4న 82-6 ఓట్లతో తీర్మానాన్ని ఆమోదించింది. ప్రతినిధుల సభలో చర్చ రాత్రంతా సాగి, ఏప్రిల్ 6 తెల్లవారుజామున ఓటింగు జరిగింది. సభలో పేర్లు రెండుసార్లు పిలుస్తారు. మొదటిసారి పిలిచినపుడు రాంకిన్ పలుకలేదు. రెండవసారి లేచి నిలబడి, తాను దేశం పక్షాన నిలవాలనే కోరుకుంటున్నాననీ, అయితే యుద్ధానికి మాత్రం ఓటు వేయలేననీ చెప్పింది. ఓటింగు సమయంలో సభ్యులు ప్రసంగించరాదన్న ఆచారాన్ని ఈ రెండు ముక్కలు అతిక్రమించాయి. తీర్మానం 373-50 ఓట్లతో నెగ్గింది.

మరునాడు పత్రికలు చాలావరకు ఈమె వెక్కి వెక్కి ఏడ్చిందని వ్రాశాయి. ఆ రాత్రి సభలో ఉన్నవారు దీనిని ఏకగ్రీవంగా ఒప్పుకోలేదు. న్యూయార్క్ ప్రతినిధి ఫియోరెల్లో లాగార్డియా, తన కళ్ళలోనే నీళ్ళు నిండి ఉండగా ఆమె ఏడ్చిందో లేదో తనకు కనబడలేదని తరువాత చెప్పాడు. నిజానికి ఆ 50 మందిలో 49 మంది పురుషులే. వారి గురించి ఎవరూ పెద్దగా వ్రాయలేదు. విమర్శ బరువంతా ఈమె ఒక్కదాని మీదనే పడింది.

ఈమె యుద్ధ వ్యతిరేకతను గుడ్డి పట్టుదలగా భావించరాదు. అదే సంవత్సరం డిసెంబరులో ఆస్ట్రియా-హంగరీపై యుద్ధ ప్రకటన సభ ముందుకు వచ్చినపుడు, ఇది అప్పటికే మొదలైన యుద్ధంలో ఒక లాంఛనం మాత్రమేనని చెప్పి అనుకూలంగా ఓటు వేసింది. ఈ సంగతిని ఈమె అభిమానులు తరచుగా మరచిపోతారు.

గని కార్మికులు, ఇతర శాసన కృషి

1917 జూన్ 8న మోంటానాలోని బ్యూట్ నగరంలో స్పెక్యులేటర్ గనిలో మంటలు చెలరేగి 168 మంది కార్మికులు మరణించారు. కార్మికులు సమ్మె కట్టారు. ఆగస్టు 1న కార్మిక నాయకుడు ఫ్రాంక్ లిటిల్‌ను ముసుగు మనుషులు ఎత్తుకుపోయి ఉరితీశారు. ఆ ఉద్రిక్త సమయంలో రాంకిన్ బ్యూట్ వెళ్ళి కార్మికుల పక్షాన మాట్లాడి, రాజీకి ప్రయత్నించింది. అనకొండ కంపెనీ ఈమెతో చర్చకు రాలేదు. ఆనాడు మోంటానాలో ఆ రాగి గనుల కంపెనీతో విరోధం పెట్టుకున్నవారికి రాజకీయ భవిష్యత్తు ఉండేది కాదు. రాంకిన్ తదుపరి ఓటమికి యుద్ధ వ్యతిరేక ఓటుతో బాటు ఇదియును ఒక కారణమని భావించవచ్చు.

కరెన్సీ నోట్లు ముద్రించే ప్రభుత్వ కార్యాలయంలో స్త్రీల చేత అధిక గంటలు పనిచేయిస్తున్నారని తెలిసి విచారణ జరిపించగా, ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చింది. 1918 జనవరి 10న స్త్రీల ఓటు హక్కు రాజ్యాంగ సవరణపై చర్చను సభలో ప్రారంభించింది ఈమెయే. ఆ రోజు సవరణ 274-136 ఓట్లతో ప్రతినిధుల సభలో నెగ్గినా సెనేటులో వీగిపోయింది. చివరకు 1920లో 19వ సవరణగా అమలులోకి వచ్చింది. తల్లీపిల్లల ఆరోగ్యం కోసం ఈమె ప్రవేశపెట్టిన బిల్లు అప్పుడు నెగ్గలేదు గాని, అదే ఆశయంతో 1921లో షెపర్డ్-టౌనర్ చట్టం వచ్చింది.

ఇంతలో మోంటానాను రెండు నియోజకవర్గాలుగా విడదీశారు. రాంకిన్ నివసించే భాగం డెమోక్రాట్లకు బలమున్నది. అందుచేత 1918లో సెనేటుకు పోటీ చేసి, రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిత్వాన్ని స్వల్ప తేడాతో పోగొట్టుకుంది. వేరే పార్టీ తరఫున నిలబడి మూడవ స్థానంలో మిగిలింది.

యుద్ధానికి ముందు ప్రజల ఓటు

1919లో జ్యూరిచ్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళా శాంతి సమావేశానికి జేన్ ఆడమ్స్ మొదలగువారితో కలిసి వెళ్ళింది. 1924లో జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ సమీపాన కొంత భూమి కొని, విద్యుత్తు లేని సాదా ఇంట్లో నివసించసాగింది. 1928లో జార్జియా శాంతి సంఘాన్ని స్థాపించింది. 1929 నుండి పదేళ్ళు యుద్ధ నివారణ జాతీయ మండలి తరఫున వాషింగ్టన్‌లో కాంగ్రెసు సభ్యులను కలిసి ఒప్పించే పని చేసింది. జీతం సరిగా అందని ఉద్యోగమది.

ఈ కాలంలో వచ్చిన ప్రతిపాదనలలో ముఖ్యమైనది లడ్లో సవరణ. ఇండియానా ప్రతినిధి లూయీ లడ్లో 1935లో దీనిని ప్రవేశపెట్టాడు. అమెరికా మీద గాని, దాని అధీన ప్రాంతాల మీద గాని దాడి జరిగిన సందర్భంలో తప్ప, కాంగ్రెసు చేసిన యుద్ధ ప్రకటన దేశవ్యాప్తంగా ప్రజల ఓటు ద్వారా ఆమోదం పొందితేనే చెల్లుతుందన్నది దీని సారాంశం. మోంటానా, ఓరెగాన్ వంటి రాష్ట్రాల్లో మద్యం గురించి, ఓటు హక్కు గురించి ప్రజలు నేరుగా ఓటు వేస్తుండగా, తమ బిడ్డలను సముద్రాల ఆవలికి యుద్ధానికి పంపే విషయంలో మాత్రం ఎందుకు వేయరాదన్నది సమర్థకుల వాదం. రాంకిన్ పనిచేస్తున్న మండలి దీనిని బలపరచింది.

వ్యతిరేకుల వాదంలోను పస లేకపోలేదు. ప్రజాభిప్రాయ సేకరణకు వారాలు, నెలలు పడుతుంది. ఆ లోపల శత్రువు ఊరుకోడు. పైగా విదేశాలతో మంతనాలు జరిపే అధ్యక్షుని చేతులు కట్టేసినట్లవుతుంది.

బిల్లు సంఘం వద్దనే నిలిచిపోగా, దానిని సభ ముందుకు తెచ్చుటకు 218 మంది సభ్యుల సంతకాలు కావలసి వచ్చాయి. చాలాకాలం సంతకాలు చాలలేదు. 1937 డిసెంబరు 12న చైనాలోని యాంగ్ట్సీ నదిలో అమెరికా నౌక పానేను జపాను విమానాలు ముంచివేశాయి. యుద్ధం ముంచుకొస్తుందన్న భయంతో కొద్ది రోజులలోనే మిగిలిన సంతకాలు పడి 218 పూర్తయ్యాయి. ఒక దాడి జరిగితే యుద్ధోత్సాహం పెరుగుతుందని అనుకుంటాము, ఇక్కడ జరిగింది దానికి విరుద్ధము. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ సవరణను వ్యతిరేకిస్తూ పంపిన లేఖను సభలో చదివారు. 1938 జనవరి 10న, చర్చకు తీసుకోవాలా వద్దా అన్న దశలోనే 188-209 ఓట్లతో ప్రతిపాదన వీగిపోయింది. సంతకం చేసినవారిలో కొందరు ఓటు దగ్గర వెనుకడుగు వేశారు.

రెండవ పర్యాయము

1940లో, అరవయ్యవ ఏట, రాంకిన్ మోంటానా మొదటి నియోజకవర్గం నుండి మరల పోటీ చేసింది. పెద్దవారికంటె ముందుగా పిల్లలను కలవాలని నిశ్చయించుకుని, నియోజకవర్గంలోని 56 ఉన్నత పాఠశాలలలో 52 పాఠశాలలకు వెళ్ళి మాట్లాడింది. విద్యార్థులు ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులతో చెప్పారు. రిపబ్లికన్ పార్టీలో అప్పటి సభ్యుడైన జేకబ్ థోర్కెల్సన్‌ను, తుది ఎన్నికలో మాజీ సభ్యుడు జెర్రీ ఓ'కానెల్‌ను ఓడించి గెలిచింది.

సేనలను విదేశాలకు పంపే అధికారానికి హద్దు పెట్టాలని ఈమె చేసిన నిర్దిష్ట ప్రయత్నాలు ఈ పర్యాయానివే. 1941 ఫిబ్రవరిలో బ్రిటను మొదలైన దేశాలకు ఆయుధ సహాయం చేసే లెండ్-లీజు బిల్లు చర్చకు వచ్చినపుడు, కాంగ్రెసు ప్రత్యేక అనుమతి లేకుండా అమెరికా సైనికులను విదేశాలకు పంపరాదని ఒక సవరణ ప్రతిపాదించింది. అది వీగిపోయింది. మే నెలలో, పశ్చిమార్ధగోళానికి వెలుపల గాని, అమెరికా అధీన దీవులకు వెలుపల గాని పోరాడుటకు సేనలను పంపే ప్రయత్నాన్ని ఖండిస్తూ తీర్మానం ప్రవేశపెట్టింది. జూన్‌లో మళ్ళీ అడిగింది. ఫలితం లేకపోయింది.

డిసెంబరు 7న జపాను పెర్ల్ హార్బర్‌పై దాడి చేసింది. మరునాడు రూజ్వెల్ట్ ప్రసంగం ముగిసిన వెంటనే సభలో తీర్మానం వచ్చింది. రాంకిన్ మాట్లాడటానికి పలుమార్లు లేచినా సభాపతి శామ్ రేబర్న్ అవకాశమివ్వలేదు. తోటి రిపబ్లికన్లు కొందరు దగ్గరకు వచ్చి, ఏకగ్రీవం కావడానికి ఓటు మార్చుకోమని, కనీసం తటస్థంగా ఉండమని బ్రతిమాలారు. ఈమె వినలేదు. ఓట్లు 388-1. సెనేటులో 82-0. స్త్రీనైన తాను యుద్ధానికి వెళ్ళలేదు గనుక ఇంకొకరిని పంపడానికి ఒప్పుకోలేనన్నది ఆనాడు ఈమె చెప్పిన కారణం.

సభ నుండి బయటకు రాగానే జనం, విలేఖరులు చుట్టుముట్టారు. ఈమె ఒక టెలిఫోను గదిలో దూరి తలుపు వేసుకొనగా, పోలీసులు వచ్చి కార్యాలయానికి చేర్చవలసి వచ్చింది. మోంటానా అంతా ఈమెకు వ్యతిరేకంగా ఉందని వెల్లింగ్టన్ తెలియజేశాడు. మూడు రోజుల తరువాత జర్మనీ, ఇటలీలపై యుద్ధ ప్రకటనకు ఓటింగు జరిగినపుడు ఈమె అటూ ఇటూ కాక, హాజరైనట్లు మాత్రమే పలికింది. కాన్సాస్‌లోని ప్రసిద్ధ సంపాదకుడు విలియం అలెన్ వైట్, ఆమె నిర్ణయంతో తనకు ఏకీభావం లేదని చెబుతూనే ఆమె ధైర్యానికి జోహారులర్పించాడు.

పెర్ల్ హార్బర్ ఉన్న హవాయి అప్పుడు అమెరికా అధీన ప్రాంతం. కనుక లడ్లో సవరణ అమలులో ఉండినా 1941 డిసెంబరులో ప్రజల ఓటు అవసరమయ్యేది కాదు. ఆ సవరణను సమర్థించినవారిలో చాలామంది ఆనాడు యుద్ధానికి ఒప్పుకున్నారు. రాంకిన్ దారి వారికంటె వేరైనదని ఇక్కడ తెలుస్తుంది. ఆమెకు ప్రజాభిప్రాయం ముఖ్యమే, కాని ప్రజలందరూ యుద్ధం కోరిన రోజున కూడ తన ఓటు మారలేదు. ఈ రెండింటి మధ్య గల చిక్కును గురించి చరిత్రకారులు నేటికీ చర్చిస్తూనే ఉన్నారు.

1942లో ఈమె తిరిగి పోటీ చేయలేదు. ఆ స్థానం నుండి మైక్ మాన్స్‌ఫీల్డ్ ఎన్నికయ్యాడు.

భారతదేశ యాత్రలు

గాంధీజీ అహింసా పద్ధతులు రాంకిన్‌ను బాగా ఆకర్షించాయి. 1946 నుండి 1971 వరకు ఈమె ఏడుసార్లు భారతదేశానికి వచ్చింది. పెద్ద సైన్యాలు లేకుండా, సామాన్యులు చేతనైన పనితో ఒక సామ్రాజ్యాన్ని ఎదుర్కొన్న తీరును దగ్గరగా తెలుసుకోవాలన్నది ఈమె కోరిక. జార్జియాలో ఈమె గడిపిన నిరాడంబర జీవితాన్ని చూచినవారికి ఈ ఆకర్షణ ఆశ్చర్యం కలిగించదు.

జెనెట్ రాంకిన్ బ్రిగేడు

వియత్నాం యుద్ధకాలంలో సేనల విషయం మళ్ళీ ప్రజల ముందుకు వచ్చింది. కాంగ్రెసు యుద్ధం ప్రకటించకుండానే లక్షలాది సైనికులు అక్కడకు చేరారు. కొన్ని నగరాలలో పౌరులు వినతిపత్రాలపై సంతకాలు సేకరించి ఈ ప్రశ్నను స్థానిక ఓటుకు పెట్టించారు. 1967 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో సేనల ఉపసంహరణ కోరుతూ పెట్టిన ప్రతిపాదనకు సుమారు 37 శాతం ఓట్లు వచ్చి వీగిపోయింది. ఇటువంటి ఓట్లకు చట్టబద్ధమైన కట్టుబాటు లేదు, ప్రజల మనసు తెలుసుకొనుటకే పనికివచ్చాయి.

1968 జనవరి 15న, కాంగ్రెసు సమావేశాలు ఆరంభమైన రోజున, వేలాది మహిళలు రాంకిన్ పేరుతోనే ఏర్పడిన బ్రిగేడుగా వాషింగ్టన్‌లో మంచులో నడిచారు. వచ్చినవారు సుమారు 5,000 మంది అని అంచనా. ముందు వరుసలో 87 ఏళ్ళ రాంకిన్ నడిచింది. మార్టిన్ లూథర్ కింగ్ సతీమణి కొరెట్టా స్కాట్ కింగ్ కూడ పాల్గొన్నది. వియత్నాం నుండి సేనలను వెనుకకు పిలవాలని వినతిపత్రం సిద్ధం చేశారు. అయితే కాంగ్రెసు భవన ప్రాంగణంలో ఊరేగింపులను నిషేధించే 1882 నాటి పాత చట్టాన్ని చూపి పోలీసులు వారిని ఆవలనే ఆపివేశారు. రాంకిన్‌తో కూడిన చిన్న ప్రతినిధి బృందాన్ని మాత్రమే లోనికి అనుమతించారు. వారు సభాపతి జాన్ మెక్‌కార్మాక్‌ను, సెనేటులో అధికారపక్ష నాయకుడిని కలిసి వినతిపత్రం ఇచ్చారు. ఆ నాయకుడు మరెవరో కాదు, 1942లో ఈమె ఖాళీ చేసిన స్థానానికి ఎన్నికైన మైక్ మాన్స్‌ఫీల్డే.

వినతిపత్రం వలన యుద్ధం ఆగలేదు. కాని నిషేధ చట్టంపై బ్రిగేడు వేసిన దావా మరొక ఫలితాన్నిచ్చింది. తమ ప్రతినిధులకు గోడు చెప్పుకొనే హక్కును, శాంతియుతంగా గుమికూడే హక్కును ఆ చట్టం హరిస్తున్నదని 1972లో ఫెడరల్ న్యాయస్థానం దానిని కొట్టివేసింది. సుప్రీం కోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. ఆనాటి నుండి కాంగ్రెసు భవనం వద్దకు వినతిపత్రాలతో వచ్చే సమూహాలు, ఏ పక్షం వారైనా, ఈ తీర్పు కల్పించిన వెసులుబాటును ఉపయోగించుకొంటున్నాయి. ఈమె పేరిట జరిగిన పనులలో దీనికి రావలసినంత ప్రచారం రాలేదు.

చివరి సంవత్సరములు

1968లో మరల కాంగ్రెసుకు పోటీ చేయాలని తలచినా అనారోగ్యం వలన మానుకుంది. అధ్యక్షుని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలని, ఒక్కొక్క నియోజకవర్గం నుండి పలువురు సభ్యులు ఉండాలని చివరి వరకు వాదించింది. 1916లో తాను గెలిచిన పద్ధతినే ఈమె మరువలేదన్నమాట. అవివాహితగానే ఉండిపోయింది. 1973 మే 18న కాలిఫోర్నియాలోని కార్మెల్‌లో 92వ ఏట మరణించింది.

ఈమె జార్జియాలోని ఆస్తిలో కొంత భాగాన్ని స్త్రీల చదువు కోసం వదిలిపెట్టింది. దానితో 1976లో ఏర్పడిన సంస్థ, పేదరికం వలన చదువు ఆగిపోయి పెద్ద వయసులో తిరిగి కళాశాలలో చేరే స్త్రీలకు ఉపకార వేతనాలు ఇస్తున్నది. 1985లో కాంగ్రెసు భవనంలోని విగ్రహశాలలో మోంటానా రాష్ట్రం తరఫున ఈమె కంచు విగ్రహాన్ని నెలకొల్పారు. శిల్పి టెర్రీ మిమ్నా. దాని ప్రతిరూపం హెలెనాలోని రాష్ట్ర శాసనసభా భవనంలో ఉంది. 2024 ఎన్నికల వరకు మోంటానా నుండి కాంగ్రెసుకు ఎన్నికైన మహిళ రాంకిన్ తప్ప మరొకరు లేరు.